నానోట్యూబులు లేని ఫ్లాస్కు

కుడివైపు ఫ్లాస్కులో నానోట్యూబులు వెయ్యనేలేదు కదా, మరి ఇందులో చర్య ఎలా జరిగింది అని వాసవి మళ్ళీ తనను తానే ప్రశ్నించుకుంది, అందులోంచి చుక్క తీసి పెట్టిన పలక మీద యూవీ దీపం కింద కొత్త పదార్థం స్పష్టంగా వెలుగుతోంది, నానోట్యూబులు వేసిన ఎడమ ఫ్లాస్కులో మాత్రం మూడు గంటలైనా వేసిన సరుకు వేసినట్టే ఉంది, ఇంకో తేడా ఒక్కటే, ఎడమదాన్ని కలియతిప్పుతున్నది నిన్న ప్యాకెట్ విప్పిన కొత్త మాగ్నెటిక్ బీడ్, కుడిదాన్ని తిప్పుతున్నది రెండేళ్ళుగా తను వాడుతున్న పాతది, దాని తెల్ల తొడుగు మీది గీతల్లో నల్లగా ఏదో పేరుకుంది, ఒకప్పుడు పల్లాడియం వేసిన ఫ్లాస్కుల్లో తిరిగిన బీడ్ అది, చర్య నడవడానికి ఆ ఖరీదైన లోహం అక్కర్లేదు, కార్బన్ నానోట్యూబులే చాలు అని కదా తన థీసిస్ అంతా, పన్నెండింటికి గురుగ్రామ్ కంపెనీవాళ్ళు వచ్చి కళ్ళారా చూడబోయేదీ అదే, ఫ్లూక్ హోగా దీదీ, ఏదో గుడ్డిగా జరిగిపోయుంటుందిలే అన్నట్టు అంది పక్కనుంచి జూనియర్ ఇషిత, తెలుగు అర్థమైనా హిందీలోనే బదులిచ్చే పిల్ల, నిన్నటినుంచి మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఫ్లూకేనా అంది వాసవి.

పాత బీడ్ ఎడమ ఫ్లాస్కులో వేసేస్తే సరి, కూర కలిపిన గరిటె గురించి ఎవరడుగుతారు, సరోజినీ నగర్‌ బజారులో అమ్మ పట్టా రోజుకని చీర కూడా కొనిపెట్టింది, డాక్టర్ వాసవి అని అప్పుడే పిలుస్తోంది, కానీ రేపు కంపెనీ రియాక్టర్‌లో ఈ బీడ్ ఉండదు, టన్నుల సరుకు పోసి తిప్పినా ఏమీ జరగదు, అప్పుడెలా అనుకుంటుండగానే తలుపు తోసుకుని ఆమె గైడు సదాశివరావు వచ్చాడు, ఏమ్మా, వాళ్ళొచ్చేవేళకి మొహం అలా పెట్టావు, పెళ్ళిచూపులా ఏంటి అన్నాడు, ఎడమ ఫ్లాస్కు నడవలేదు సార్ అంది, అంతే అంది, ఆయన ఫ్లాస్కు వైపైనా చూడలేదు, గొంతు తగ్గించి, కొత్త బీడ్ ఎవరు వెయ్యమన్నారమ్మా, పాతదే వెయ్యి, పది నిమిషాల్లో వస్తారు అని వెళ్ళిపోయాడు.

బీడ్ మాట తను ఎత్తనేలేదు, మరి ఆయనకెలా తెలుసు, ఎప్పటినుంచి తెలుసు, వాసవి కుడి ఫ్లాస్కులోంచి పాత బీడ్‌ని పట్టకారుతో బయటికి తీసింది, థీసిస్ మీద సంతకం ఆయనదే, కంపెనీకి రాసిన ఉత్తరం మీదా ఆయనదే, బయట లిఫ్టు ఆగిన చప్పుడు, నమస్తే సర్ అంటూ నవ్వులు, పట్టకారులో బీడ్ ఇంకా తడిగా ఉంది, ఎడమ ఫ్లాస్కు మూత తీసే ఉంది, ఒక్క క్షణం చాలు, అడుగులు దగ్గరవుతున్నాయి, రెండేళ్ళలో తను కనిపెట్టింది ఏమైనా ఉంటే అది ఈ ఉదయమే, ఈ కుడి ఫ్లాస్కులోనే, వాళ్ళకు చూపించాల్సిందీ ఇదే అనుకుని ఎడమ ఫ్లాస్కుకు మూత పెట్టేసింది.