బోల్టు కింద రంగు

మా ఆయన దయాసాగర్‌కి ఏ పనైనా అందంగా ఉండాలి. పనిచేస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఈ పరాయి దేశంలో, ఎష్‌బోర్న్‌లో, బ్లూ కార్డ్ వీసా మీద ఉద్యోగం, నలగని చొక్కా, మెరిసే బూట్లు. మా తెలుగు ఫెలోషిప్ రిట్రీట్‌కి కుర్చీలూ మైకులూ వంటగిన్నెలూ మోసుకెళ్ళాలని, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ సైనికుడి దగ్గర పాత పికప్పూ, దాని వెనక తగిలించే ట్రైలరూ కలిపి కొన్నాడు. వారమంతా కూర్చుని ట్రైలర్‌కి రంగు వేశాడు. ప్రతి బోల్టూ విప్పి, దాని కింద కూడా వేసి, మళ్ళీ బిగించాడు. నీలం మీద తెల్ల సిలువ. చూడముచ్చటగానే ఉంది, కాదనను.

రంగు ఆరాక బ్రేకులు సరిగ్గా పట్టడం మానేశాయి.

ఇక్కడి ట్రైలర్లతో ఆ గొడవ లేదు. ముందు బండి నెమ్మదిస్తే, వెనక నుంచి నొక్కుకుని వాటి బ్రేకులు అవే పడతాయి. ఈ అమెరికా దానికి కరెంటు బ్రేకులు. డ్రైవర్ మోకాలి దగ్గర చిన్న డబ్బా, దానికో దీపం. దీపం వెలుగుతుంటే, బ్రేకు తొక్కినప్పుడు కరెంటు వెనక చక్రాల్ని పట్టుకుంటుంది. ఆరిందంటే వెనకున్న బరువంతా మన వీపు మీదే. రిపేరు చేసే వెర్క్‌స్టాట్‌లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, నెలాఖరుకి గానీ దొరకలేదు. రిట్రీట్ ఏమో శనివారం.

జీగెన్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు హ్యారీని పిలిచాను. శనివారం పొద్దున్నే రైలెక్కి వచ్చి, టీ కూడా తాగకుండా మీటరు పట్టుకుని ట్రైలర్ కింద దూరాడు.

"బావా, కరెంటు వెళ్తోంది. తిరిగి రావడానికే దారి లేదు. ఈ తెల్ల తీగ ఇనుముకి తగలాలి. నువ్వేమో బోల్టు కింద రంగేసేశావు."

"మరి ఇప్పుడు దీపం వెలుగుతోందిగా?"

"రెండు బళ్ళనీ కలిపే కొక్కెం దగ్గర ఇనుముకి ఇనుము ఆనుకుందని వెలుగుతోంది. రోడ్డు మీద ఎగిరిందంటే పోద్ది. రూపాయి బిళ్ళంత మేర గీకేస్తే చాలు, పది నిమిషాల పని."

"వచ్చాక చూద్దాం రా. అయ్యగారు వచ్చే వేళయింది."

వచ్చేశారు కూడా. పాస్టర్ అయ్యగారూ, సంఘమంతా ట్రైలర్ చుట్టూ నిలబడి చేతులు దాని మీద వేశారు. ఈ బండినీ దీన్ని నడిపే చేతుల్నీ కాపాడు తండ్రీ అని అయ్యగారు ప్రార్థించారు. నేనూ మనసారా ఆమేన్ అన్నాను. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే హ్యారీ స్క్రూడ్రైవర్ తీసి బోల్టు దగ్గర వంగాడు. మా ఆయన నవ్వుతూనే వాడి భుజం పట్టుకున్నాడు.

"ప్రార్థన అయ్యాక గీకుతావేంట్రా? జనం ఏమనుకుంటారు? విశ్వాసం లేదనుకోరూ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"గీకనివ్వండి," అన్నాను.

"నువ్వెళ్ళి పులిహోర సర్దు, కుమారీ."

హ్యారీ పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పే రకం కాదు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "నేను బావ పక్కన కూర్చుంటాలే అక్కా. దీపం చూస్తుంటాను. ఆరితే ఆపేద్దాం."

నేను అయ్యగారి కారులో వెనకాలే బయల్దేరాను. జీగెన్ దగ్గర పడి కొండ దిగుతుంటే ట్రైలర్ వెనక ఎర్రదీపాలు వణికాయి. తర్వాత ఆరిపోయాయి. బ్రేకులకీ వాటికీ కరెంటు తిరిగొచ్చే దారి ఒకటే. దిగుడులో ఆపడమంటే మాటలా? ట్రైలర్ పక్కకి తిరిగింది. నీలం రంగూ తెల్ల సిలువా నిండుగా నా కళ్ళెదురుగా వచ్చాయి. పికప్‌ని రోడ్డు అంచునున్న ఇనుప కమ్మీ మీదకి తోసేసింది, హ్యారీ కూర్చున్న వైపు.

మా ఆయనకి చెయ్యి విరిగింది. నా తమ్ముడు ఆస్పత్రి దాకా కూడా రాలేదు.

వాడి శవపేటికని మా ఊరు అమలాపురం పంపించాక వచ్చిన ఆదివారం, ఆరాధనలో మా ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఇస్త్రీ చొక్కా, మెడకి వేలాడే కట్టు.

"బ్రేకులు ఎందుకు పట్టలేదో ఆ దేవుడికే తెలియాలి. నన్ను మాత్రం మృత్యువు నోట్లోంచి లాగి బయట పడేశాడు."

హాలంతా స్తోత్రం అంది. లేచి నిలబడ్డాను.

"నాకు కూడా తెలుసండీ," అన్నాను.

ఏడవకుండా చెప్పాను. బోల్టు కింద రంగు, పది నిమిషాల పని, వాడి జేబులోని స్క్రూడ్రైవర్, జనం ఏమనుకుంటారో అన్న మాట. ఒక్కటీ దాచలేదు.

అయ్యగారు మా ఆయన వైపు తిరిగారు.

"చెప్పుంటే ఆగేవాళ్ళం కదయ్యా," అన్నారు. "నేనే పక్కన కూర్చుని గీకించేవాణ్ణి."

మా ఆయన తలెత్తి చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారని, కట్టు లేని చేత్తో చొక్కా సర్దుకున్నాడు.