మూడవ బెంచీ హాజరు

జూన్ పదహారవ తేదీ ఉదయం ఉషారాణి టీచరు గంజి పెట్టిన తెల్లచీర కట్టుకొని, సర్కండాలో ఆటో ఎక్కి, అర్పా వంతెన దాటి, రైలుపట్టాల ప్రక్కనున్న హైస్కూలుకు గంట కొట్టడానికి ఇరవై నిమిషాల ముందే చేరుకున్నది. ముప్పై ఏండ్లుగా బడి తెరిచే రోజున ఆమె ఇట్లే వస్తున్నది. పిల్లలు ప్రతి జూన్‌లోనూ పధ్నాలుగేండ్లవారే. తన వయస్సొక్కటే పై తరగతికి పోతున్నది. ఆ సంగతి తలపునకు వచ్చినప్పుడల్లా ఆమెకు నవ్వుతోపాటు కొంత గర్వమూ కలిగేది. ఈ హిందీ ఊరిలో రైలుబండ్లు నడిపేవారిలో, సిగ్నళ్లు చూసేవారిలో, ఆసుపత్రిలో సూదిమందు వేసేవారిలో ఆమె బెత్తాన్ని ఎరుగని తెలుగువారు తక్కువ.

తొమ్మిదవ తరగతి గది గుమ్మం దగ్గర ఇద్దరు నిలుచుని ఉన్నారు. రైలింజను డ్రైవరు దుస్తులలో ఉన్న మీసాల మనిషి తల వంచుకొని ఒక కాగితం అందించాడు. అతని కూతురు తనూజ గోడ గడియారం వంక చూస్తున్నది.

"అమ్మాయిని తెలుగు నుంచి సంస్కృతానికి మార్చాలండి. ఇంట్లో మేం తెలుగులో ఏటడిగినా హిందీలోనే జవాబు చెప్తాది. సంస్కృతమైతే మార్కులొస్తాయంటున్నారు."

"పాపా, జల్దీ! సంస్కృత్ క్లాస్ షురూ అయిపోద్ది," అన్నది తనూజ తండ్రితో.

ఉషారాణి కాగితం చదివింది. తెలుగు తరగతి నడవాలంటే పదిమంది ఉండాలి. తనూజ పదవది. ఈ సంతకంతో బడిలో తెలుగు ఈ రోజే ముగిసిపోతుంది. ఒక్క మాట బతిమాలితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. బతిమాలడం ఆమెకు చేతకాదు.

"మొదటి రోజున హాజరు పిలువనిదే నేను మరొక కాగితం మీద కలం పెట్టను. అంతవరకు ఆగండి," అని లోపలికి నడిచింది.

ఆ బడిలో మొదటి రోజు హాజరు పాత రిజిస్టరుతో మొదలవుతుంది. ఉషారాణి అట్ట చిరిగిన పుస్తకం తెరిచి, "ప్రసూన," అని పిలిచింది.

"హాజరండీ!" అన్నది మొదటి బెంచీ, సన్నని గొంతుతో. ప్రసూన ఇప్పుడు ఇదే ఊళ్లో దయాల్‌బంద్‌లో కోడలున్న అత్తగారు. ఆమె పధ్నాలుగేండ్ల గొంతు మాత్రం ఆ చెక్కలోనే ఉన్నది.

"త్రినాథరావు."

"హాజరండి," అన్నది రెండవ బెంచీ, జలుబు చేసిన గొంతుతో.

"గిరిబాబు."

చివరి బెంచీ ముందు కిసుక్కున నవ్వి, తరువాత పలికింది. పిల్లలందరూ నవ్వారు. ఉషారాణి కండ్లెఱ్ఱజేసింది, గిరిబాబును ఏండ్ల తరబడి ఆమె అట్లే చూస్తున్నది.

ప్రక్క గదిలోని లెక్కల మాస్టారు చంద్రమౌళి కిటికీలో నుంచి, "మీ బెంచీలు ముగించాయా అండీ? నేను జ్యామితి మొదలుపెట్టాలి," అన్నాడు.

"ఇంకా లేదు. ఓపిక పట్టండి." ఆమె పుట తిప్పింది. "బొమ్మాళి శివాజీ."

కిటికీ ప్రక్కనున్న మూడవ బెంచీ కిక్కురుమనలేదు. ఎన్నడూ అనలేదు. ఇరవై ఎనిమిదేండ్ల క్రితం రైలుపట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే తండ్రి పోయి, కుటుంబం రైల్వే క్వార్టరు ఖాళీ చేసి వెళ్లిన వారంలోనే ఆ పిల్లవాడు సెలవు చెప్పకుండా బడి మానేశాడు. చెప్పకుండా పోయినవాని గొంతును బెంచీ దాచుకోలేకపోయింది. ఒక కాలు పొట్టిదై అది ఊగుతూ ఉండేది, అంతే. అయినా ఉషారాణి ఏటేటా ఆ పేరు పిలిచి, ఒక ఊపిరి పీల్చేంతసేపు ఆగేది.

ఈసారి కూడా ఆగింది.

"ఉన్నానండీ!"

గొంతు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. మీసాల మనిషి నోటిలోనుంచి పధ్నాలుగేండ్ల పిల్లవాని లేతగొంతు పలికింది. పిల్లలెవ్వరూ ఆశ్చర్యపోలేదు. తనూజ మాత్రం గడియారాన్ని విడిచి తండ్రి వంక చూసింది.

"నా పేరింకా ఉందాండి? టీసీ అయినా తీసుకోలేదు గదా. కొట్టేసుంటారనుకున్నాను. బజార్లో మీరెదురైతే సందులోకి తప్పుకునేవాణ్ణి," అన్నాడు శివాజీ, అదే గొంతుతో.

"నేను కొట్టివేసిన పేరు ఈ పుస్తకంలో ఒక్కటీ లేదు." ఉషారాణి కండ్లజోడు సవరించుకున్నది. "ఇంత ఆలస్యానికి కారణమేమి?"

శివాజీ చేతులు కట్టుకున్నాడు. "డ్యూటీలో ఉండిపోయానండి."

తరగతి గొల్లుమన్నది.

"సరే, కూర్చో."

అతడు మూడవ బెంచీ మీద కూర్చోబోయి, అది ఊగడం చూసి వంగాడు. చేతిలోని దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి, పొట్టికాలి కింద దోపాడు. బెంచీ కుదురుగా నిలిచింది.

"పాపా! వో ఫారం..." అన్నది తనూజ.

"ఇలారా, అమ్మా," అన్నాడు శివాజీ.

తనూజ ఒక నిమిషం గుమ్మంలోనే నిలబడింది. ఆ తరువాత వచ్చి, తండ్రి ప్రక్కన కూర్చున్నది. అతడు కొత్త పాఠ్యపుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుతూ, తన కూతురి ఈడు గొంతుతో చదువసాగాడు. నాలుగవ పంక్తి దగ్గర అతడు తడబడి ఆగిపోగా, తనూజ తల ముందుకు వంచి, "ఆగే... తరవాత ఏటి, పాపా?" అని తానే కూడబలుక్కుంటూ చదువబోయింది.

చంద్రమౌళి మళ్లీ కిటికీలో కనబడ్డాడు. "తెలుగు తరగతి ఉన్నట్టా, లేనట్టా? హెడ్‌మాస్టరు సంఖ్య అడుగుతున్నారు."

ఉషారాణి పాత రిజిస్టరులో ఇరవై ఎనిమిదేండ్ల ఖాళీ గడిని నింపి, కొత్త రిజిస్టరు తెరిచింది.

"పదకొండు మంది అని చెప్పండి," అన్నది.