సూట్‌కేసులో మాత్రలు

డాక్టర్ ఆఫ్ ఫార్మసీ చదువు చివరి ఏడాదిలో స్మృతికి ట్రైనింగ్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పడింది. ఖరీదైన మందుకి కంపెనీ డబ్బు కట్టాలా వద్దా అని డాక్టర్లు పంపిన అర్జీలు చూసి చెప్పడం అక్కడి పని. అర్జీ మీద పేషెంటు పేరుండదు, నంబరే. ముందు చవక మందు వాడి చూశారని, అది పడలేదని రుజువుంటేనే ఖరీదైనది ఇస్తారు.

ఆ వేళ వచ్చిన అర్జీ కీళ్ళవాతం ఇంజెక్షన్ కోసం. చవక మాత్రలు కొన్న జాడ కంప్యూటర్‌లో లేదు. పేషెంటు వాటిని ఇండియా నుంచి తెప్పించుకుని రెండేళ్ళు వాడిందని, లివర్ దెబ్బతిందని డాక్టర్ రాశాడు.

పని నేర్పే ఫార్మసిస్ట్ మెగన్ కుర్చీ ఇటు తిప్పింది. "నీకైతే తెలుస్తుంది. మీవాళ్ళు నిజంగా మందులు అలా తెచ్చుకుంటారా?"

తెచ్చుకోకపోవడమేమిటి! తాముండే ఈ అమెరికా ఊరు నోవైలో ఏ తెలుగువాళ్ళ సూట్‌కేసు విప్పినా ఆవకాయ పక్కన ఏడాదికి సరిపడా మాత్రలుంటాయి. స్మృతి వాళ్ళ వంటింట్లో ఒక సొరుగంతా అవే. కానీ ఆ మాట మెగన్‌తో అనాలంటే పిల్లకి తల కొట్టేసినట్టయింది. మనల్ని ఎంత మోటుగాళ్ళనుకుంటుందో అని! రేపో మాపో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోబోయే మనిషి మరి, దర్జా ఉండొద్దూ?

"నో, ఈ రోజుల్లో ఎవరూ అలా చేయరు," అనేసింది.

మెగన్ తలూపి అర్జీ తిప్పి పంపేసింది.

కొన్నాళ్ళకి స్మృతి వాళ్ళింట్లో వ్రతం. పక్క వీధి జ్ఞానప్రసూన ఆంటీ, చిన్నప్పుడు స్మృతికి జడలు వేసిన మనిషి, తాంబూలం అందుకోబోయి జారవిడిచింది. పళ్ళూ వక్కలూ కార్పెట్ మీద దొర్లాయి. ఆవిడ వేళ్ళు అల్లం కొమ్ముల్లా వాచి ఉన్నాయి.

"ఏంటాంటీ, చేతులిలా అయ్యాయేంటి?"

"కీళ్ళవాతం తల్లీ. ఇంజెక్షన్ రాస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు డినై చేశారు. మాత్రలు వాడినట్టు రుజువు లేదట. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి పంపినవి రెండేళ్ళు మింగి లివర్ పాడుచేసుకున్నానంటే నమ్మరే!" ఆంటీ నవ్వబోయింది. "వాళ్ళననేం లాభంలే. అక్కడ మనవాళ్ళొక్కరున్నా ఇట్టే అర్థం చేసుకునేవాళ్ళు."

"మా స్మృతి అలాంటి ఆఫీస్‌లోనే ట్రైనింగ్ చేస్తోందిగా వదినగారూ, కనుక్కుంటుందిలెండి," అంది అమ్మ.

"నా బంగారమే!" ఆంటీ ఆ వంకర వేళ్ళతోనే బుగ్గ నిమిరింది. స్మృతికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఛీ, ఎందుకాడినట్టు ఆ అబద్ధం? తనని చూసి ఎవరూ నవ్వకూడదని! అంతే, ఇంకేం లేదు.

గరాజ్‌లోకి వెళ్ళి మెగన్‌కి ఫోన్ చేసింది. "ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మావాళ్ళందరూ మందులు తెచ్చుకుంటారు. మా ఇంట్లోనూ అంతే. చెప్పడానికి సిగ్గేసింది."



"ఆ అర్జీ మళ్ళీ తెరుద్దాం," అంది మెగన్. "కానీ స్మృతీ, నీ మాట నేను మీటింగ్‌లో అందరికీ చెప్పాను. అప్పట్నుంచి ఇండియా మందులని రాసొచ్చిన ప్రతి అర్జీనీ తిప్పి పంపుతున్నాం."

లోపల్నుంచి ఆంటీ భోజనానికి పిలుస్తోంది.  ఆ మిగతా అర్జీలవాళ్ళు ఎవరో, వాళ్ళ చేతులు ఎలా ఉన్నాయో స్మృతికి తెలియదు.