వాళ్ళకోసం అడిగిన యుద్ధం

యుద్ధం మొదలైందని రేడియోలో విన్న రోజు ప్రమీల సంతోషించింది. ఆ సంతోషానికి తర్వాత ఆమె ఎన్నడూ తనను తాను క్షమించుకోలేకపోయింది.

అది తొంభై ఒకటి జనవరి. ప్రమీల బాగ్దాదు నుంచి రేపల్లెకు తిరిగొచ్చి మూడు నెలలు దాటింది. అక్కడ పిల్లల ఆస్పత్రిలో ఐదేళ్ళు నర్సుగా చేసింది. కువైట్ గొడవ మొదలయ్యాక మనవాళ్ళని బస్సుల్లో జోర్డాను చేర్చి, బొంబాయి విమానం ఎక్కించారు. తల్లి లేని ప్రమీలను పెంచింది పెద్దమ్మ జ్ఞానమ్మ. నాట్లకూ కోతలకూ వెళ్ళి, ఆ కూలితోనే నర్సింగు చదివించింది. పెద్దమ్మ ఇంటికి చేరినా ప్రమీల మనసు మాత్రం బాగ్దాదులోనే, సాహిరా దగ్గరే ఉండిపోయింది.

సాహిరా అదే వార్డులో నర్సు. ఆ దేశంలో జనం నాలుగు గోడల మధ్య కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. సాహిరా తమ్ముడు ఒక పెళ్ళిలో దేశాధ్యక్షుడి గొంతును అనుకరించి నలుగురినీ నవ్వించాడు. వారం తిరక్కుండా పట్టుకుపోయారు. చలికాలం వెళ్ళేసరికి మేకులు కొట్టిన పెట్టెలో తెచ్చి గుమ్మంలో దించారు. పెట్టె తెరవకూడదన్నారు. పైకి ఏడవకూడదన్నారు. ఈ సంగతి సాహిరా దుప్పట్లు ఉతికే గదిలో, కుళాయి ధారగా విప్పి ఆ చప్పుడులో చెప్పింది. “బయటివాళ్ళు ఎవరైనా వచ్చి ఈ అధ్యక్షుణ్ణి దించితే బాగుండును” అంది.

ప్రమీల బయలుదేరే రోజున సాహిరా రెండేళ్ళ కొడుకు హైదర్‌ను చంకనేసుకుని వచ్చింది.

“మా అత్తగారిది నది పక్కన పల్లెటూరు. పిల్లాణ్ణి తీసుకుని అక్కడికి వెళ్ళిపోనా, ప్రమీలా?”

“ఎందుకు? బయటివాళ్ళు దండెత్తి వచ్చేది ఆ ఒక్క మనిషికోసం. నీకోసమే వస్తున్నారు, నీకేం భయం? ఆస్పత్రి మీద ఎవరూ బాంబులు వెయ్యరు. ఇక్కడే ఉండు. నెల తిరిగేసరికి నువ్వు గొంతెత్తి మాట్లాడతావు” అంది ప్రమీల.

సాహిరా నమ్మింది. ఉండిపోయింది.

యుద్ధం వచ్చిన ఆదివారం రేపల్లె చర్చిలో ప్రమీల లేచి నిలబడి సాహిరా తమ్ముడి కథంతా చెప్పింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. “ఆ దుర్మార్గుణ్ణి కూలదోసేవాళ్ళ చేతులు బలపరచు తండ్రీ” అని ఆమె ప్రార్థన చేస్తే అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది జ్ఞానమ్మ.

బయటికొచ్చాక రిటైరైన మాస్టారు సుందరయ్య ఆమెను పలకరించాడు. “అమ్మాయ్, ఇంట్లో దూరిన పాముని చంపమని పైవాళ్ళని పిలిస్తే, వాళ్ళు కొంపకే నిప్పెట్టరని నమ్మకమేంటి?”

“మీరక్కడుండి చూశారా మాస్టారూ?”

“లేదమ్మా” అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. నోరు మూయించానని ప్రమీల అనుకుంది.

యుద్ధం చప్పున ముగిసింది. కూలతాడనుకున్నవాడు కూలలేదు. ప్రమీల తెనాలిలో ఒక నర్సింగ్ హోంలో చేరింది. సాహిరాకు రాసిన ఉత్తరాలు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. తొంభై మూడులో బాపట్ల నుంచి కబురు వచ్చింది. అదే ఆస్పత్రిలో ల్యాబులో పనిచేసిన తోమాసు, పాస్‌పోర్టు చిక్కుల వల్ల అక్కడే ఉండిపోయినవాడు, ఇన్నాళ్ళకు ఇల్లు చేరాడని. ప్రమీల సెలవు పెట్టి రైలెక్కింది.

తోమాసు చిక్కి సగమయ్యాడు. మంచినీళ్ళిచ్చి, చాలాసేపు ఆమె ఉద్యోగం గురించే అడిగాడు.

“సాహిరా ఎలా ఉంది, తోమాసన్నా?” అని ఆమే అడగాల్సి వచ్చింది.

“ఉందమ్మా. ఆవిడుంది.”

“ఆవిడుందంటే?” అంది ప్రమీల.

“నువ్వు సాహిరాకి చెప్పింది నిజమే, మన ఆస్పత్రి మీద బాంబు పడలేదు. కరెంటు స్టేషన్ల మీద పడ్డాయి. కరెంటు పోయాక నీళ్ళ పంపులు ఆగిపోయాయి. నెలలు నిండని పిల్లల్ని పెట్టే అద్దాల పెట్టెలున్నాయి చూడు, అవన్నీ చల్లబడిపోయాయి. తల్లులు పిల్లల్ని రొమ్ములకి కట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపని కూర్చుంటారు? అందరం నది నీళ్ళే బకెట్లతో తెచ్చుకు తాగాం, మురుగంతా అందులోకే వస్తోందని తెలిసి కూడా. ఎండలు ముదిరేసరికి పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. సరుకులు రాకుండా ఆంక్షలతో దేశాన్ని కట్టేశారుగా, సెలైను లేదు.”

“హైదర్?”

తోమాసు తల అడ్డంగా ఊపాడు. “సాహిరా పనిచేసే వార్డులోనే, ఆవిడ చేతుల్లోనే పోయాడు.”

ప్రమీల మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. “వాళ్ళాయన?”

“ఆయన అంతకుముందే పోయాడు. యుద్ధం ఆగుతుండగా, లేవండి, మీరే అతన్ని దించుకోండి అని బయటివాళ్ళు రేడియోలో చెప్పారు. దక్షిణాన జనం లేచారు. ఈయనా వెళ్ళాడు. అధ్యక్షుడి సైన్యం హెలికాప్టర్లలో వచ్చి కాల్చేస్తుంటే, లేవమన్నవాళ్ళు పక్కనే ఉండి చూశారు. శవం కూడా రాలేదు.”

“అయితే ఆ పాత పాలనే నయమంటావా అన్నా?” అని అడిగింది ప్రమీల. అవునంటాడేమోనని భయం. కాదంటే ఇంకా భయం.

“పాతది పోతేగా, నయమో కాదో చెప్పడానికి! అదక్కడే ఉంది. దానిమీద ఇది వచ్చి పడింది. నీలాగే నేనూ ఆవిణ్ణి అడిగా. ఏమందో తెలుసా? ‘నా తమ్ముణ్ణి చంపినవాణ్ణి తిట్టుకుంటాను. కడుపు కాస్త చల్లబడుతుంది. నా కొడుకుని చంపినవాళ్ళు నాకోసమే వచ్చామన్నారు. వాళ్ళనేమని తిట్టాలి?’ అంది.”

“నన్నేమైనా అందా?”

“నువ్వు క్షేమంగా చేరావా అని అడిగింది. పెళ్ళయిందా అని అడిగింది.” తోమాసు కాస్త తటపటాయించాడు. “చర్చిలో ప్రార్థన చేయిస్తానని అన్నావటగా. మాకోసం ఇంకేమీ అడగొద్దని చెప్పు అంది. కోపంగా కాదమ్మా. మామూలుగానే చెప్పింది.”

తిట్టి ఉంటే బాగుండుననిపించింది ప్రమీలకు.

తెనాలిలో దిగినా గదికి వెళ్ళబుద్ధి కాలేదు. అటునుంచి అటే రేపల్లె బండి ఎక్కింది. ఆ రోజు శుక్రవారం. జ్ఞానమ్మ పొయ్యి వెలిగించలేదు. యుద్ధం నాటి నుంచి ఆమె ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటోంది. దండు మళ్ళీ వెళ్ళాలి, పని పూర్తి చెయ్యాలి, ప్రమీల స్నేహితురాలు బాగుండాలి. ఆమె అడిగేది అదే.

“ఇకమీదట ఉపవాసం ఉండొద్దు పెద్దమ్మా” అంది ప్రమీల, గుమ్మంలోనే నిలబడి.

“అదేంటే? ఆ పిల్ల కష్టం తీరిందా?”

ప్రమీల చెప్పింది. కరెంటు గురించి, నది నీళ్ళ గురించి, సాహిరా కొడుకు గురించి, ఇంకేమీ అడగొద్దన్న ఆమె మాట గురించి, పల్లెటూరికి పోతానన్న మనిషిని తానే ఆపిన సంగతీ చెప్పింది. ఆ చివరి మాట ఇదివరకు ఎవరికీ చెప్పలేదు.

జ్ఞానమ్మ ఏడవలేదు. ఆమె ముఖం మాత్రం నల్లబడిపోయింది.

“ఇన్నాళ్ళూ నా చేత ఏం అడిగించావే?” అంది. “చదువుకున్నదానివి, చూసొచ్చినదానివి, నువ్వు చెప్పావనేగా కడుపు మాడ్చుకుని మరీ అడిగాను. ఆ పసివాళ్ళ ఉసురు నాకెందుకు కట్టబెట్టావు?”

 ఆ అధ్యక్షుడు దుర్మార్గుడే కదా పెద్దమ్మా అందామనుకుంది ప్రమీల. అది నిజమే. కానీ ఆ నిజాన్ని ఇప్పుడు తన తప్పుకు అడ్డం పెట్టుకోబోతున్నానని తెలిసి నోరు కదపలేదు.

జ్ఞానమ్మే అడిగింది. “పిల్లాడి పేరేంటన్నావు?”

“హైదర్.”

“ఐదరు” అనుకుంది ముసలామె మెల్లగా. అలవాటు చొప్పున ప్రార్థనకని గోడ పట్టుకుని మోకాళ్ళ మీదికి వంగబోయి, సగంలో ఆగింది. మళ్ళీ పీట మీద కూర్చుంది. ప్రమీల వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. జ్ఞానమ్మ దగ్గరికి తీసుకోలేదు, లేచి పొమ్మనీ అనలేదు. తెనాలి వెళ్ళే సాయంత్రం బండి కూత వినబడింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.