వసంతక్క గొంతు

బోధన్ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి షుగరు చూడటం నా పని. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇచ్చిన ఉద్యోగం. వేలు గుచ్చి చుక్క రక్తం తీయాలి, మాత్రలు అడగాలి, కాళ్లు చూడాలి. ఎవరింటికి పోయినా ముందు "తిన్నవా?" అనే అడిగేదాన్ని. ఎనిమిదేళ్లు అడిగాను. నా ఇంట్లో నేనొక్కదాన్నే, నన్ను అడిగేవాళ్లు లేరు.

పోయినేడు బెంగళూరు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చారు. మనిషి రోజుకు ఇరవై ఇళ్లు తిరిగితే కంపెనీ ఎప్పటికి పెరిగేనని వాళ్ల బాధ. మిషనైతే ఒక్క పొద్దునే రెండు వేల మందికి ఫోను చేస్తుందట. కానీ పట్నం గొంతు వినగానే మావాళ్లు ఫోను పెట్టేస్తున్నారు. అందుకని నన్ను నిజామాబాద్‌లో ఒక గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి మిషను నాలాగే మాట్లాడాలని నా గొంతు రికార్డు చేశారు. నవ్వు కూడా. శాలువా కప్పారు. మురిసిపోయాను, దాచడమెందుకు.

ఆ తర్వాత బోధన్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఉండబట్టలేక ఆదివారం ఊళ్లకు పోతే, నేను షుగరు చూసిన తిరుపతమ్మ వాకిలి ఊడుస్తూనే, "పొద్దుగాలనే మాట్లాడినవ్ గదక్కా," అంది. అది నేను కాదు, మిషను అని చెబితే నవ్వింది. చాయ్ తాగమనలేదు. నా గొంతే నాకంటే ముందు పోయి నా చాయ్ తాగి వచ్చినట్టయింది. నాకు రోషం వచ్చి ఊళ్లకు పోవడం మానేశాను. అది నా తప్పే.

నేను షుగరు చూసినవాళ్లలోనే దేవన్న ఒకడు, అతనికి నిజాంసాగర్ కాలువ కింద చెరుకు ఉంది. కొట్టేసిన చేలో నడుస్తుంటే కాలికి చెరుకు మోడు గుచ్చుకుంది. కొన్నాళ్లకు పొద్దున ఫోను వచ్చినప్పుడు నా గొంతు అతన్ని కాలు నొప్పున్నదా అని అడిగింది. నొప్పి లేదు గానీ కాలివేలు నల్లబడ్డది, ఒకసారి వచ్చి చూడమన్నాడట. షుగరు ముదిరిన కాలికి నొప్పి తెలియదు, అదే అసలు భయం. నేనైతే ఆ మాట వినగానే బండి తీసేదాన్ని. మిషను "నొప్పి లేదు" దగ్గరే ఆగిపోయింది. కంప్యూటరులో అతని పేరు, అంతా బాగుందన్న పచ్చరంగులోనే ఉంది. రోజూ ఆ పేరు చూస్తూనే కూర్చున్నాను.

ఆరు రోజులు ఫోనులో అదే మాట చెబుతూ వాకిట్లో కుర్చీ వేసుకుని నా కోసం చూశాడట. ఏడో రోజు జ్వరంతో పడిపోతే పక్క చేను నర్సింలు నిజామాబాద్‌ ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆఫీసుకొచ్చి నాకు చెప్పింది కూడా నర్సింలే. అప్పటికే మోకాలి కింద కాలు తీసేశారు.

బత్తాయిలు కొనుక్కుని ఆస్పత్రికి పోయాను. దేవన్న గోడ వైపు తిరిగాడు.

"ఆరు దినాలు సెప్పిన నీకు. వినుకుంటనే రాకపోతివి."

అది నేను కాదని చెప్పనా? శాలువా కప్పించుకున్నది నేనే కదా. బత్తాయిలు మంచం పక్కన పెట్టాను.

ఇంతలో మంచం మీద అతని ఫోను మోగింది. దేవన్న స్పీకరు నొక్కాడు.

"దేవన్నా, తిన్నవా? కాలు నొప్పున్నదా?"

నా గొంతే. నా నవ్వే. దేవన్న తల తిప్పి, మూసి ఉన్న నా నోటి వంక చూశాడు. ఫోను వంక చూశాడు. మళ్లీ నా నోరు చూశాడు.

ఫోను తీసుకుని నేనే చెప్పాను. "కాలు లేదు."

"మంచిది. రేపు మళ్ల మాట్లాడుదాం," అని నా గొంతు ఫోను పెట్టేసింది.

అంతమంది రోగుల మధ్య నిలబడి ఏడ్చాను. దేవన్న మిగిలిన కాలు మెల్లగా జరుపుకుని మంచం మీద చోటిచ్చాడు.

"కూసో అక్కా. నువ్వు తిన్నవా?"

పొద్దుటి నుంచి ఏమీ తినలేదని చెప్పాను.