పప్పుచారు మీద తీర్పు

"పద్మినీ, కందిపప్పు ఏ డబ్బాలో ఉంటుంది?"

మా ఆయన వంటింట్లోకి వచ్చి వేసిన మొదటి ప్రశ్న ఇది. పెళ్ళయి నలభై ఆరేళ్ళు, ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా ఊళ్ళో ఈ ఇంటికి వచ్చి ముప్ఫై ఒకటి. వంతెనలకు డిజైన్లు గీసి రిటైరైన ఇంజనీరు. ఎదురుగా గాజు సీసాలో ఉన్న కందిపప్పు మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

"మీ ముక్కు ముందే ఉంది. అది శనగపప్పు, దాని పక్కది" అన్నాను.

బయట తెల్లవారకముందు నుంచీ మంచు కురుస్తూనే ఉంది. స్కూళ్ళు మూసేశారు. మా అమ్మాయి స్మృతి ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ తొమ్మిదేళ్ళ కూతురు సాన్విని మా ఇంట్లో దింపిపోయింది. మంచు పడిన రోజు మా ఇంట్లో పప్పుచారు, వడియాలు ఉండి తీరాలి. అది సాన్వి పెట్టిన చట్టం. కానీ మొన్న డ్రైవ్‌వే మీద మంచు కరగడానికి ఉప్పు చల్లబోయి నేనే జారి పడ్డాను. కుడి మణికట్టుకి కట్టు. అందుకని మా ఆయన అచ్యుతరావుగారు ఆప్రాన్ కట్టుకున్నారు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఈ వేడుక వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

ఈయనకు వంట రాదు గానీ వంట మీద తీర్పు చెప్పడం మా బాగా వచ్చు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "ఉప్పు పిసరంత తక్కువైంది." లేదంటే "పులుపు ఎక్కింది." ఏదీ దొరక్కపోతే "మా అమ్మ పోపు ఇలా ఉండేది కాదులే." మత్తు డాక్టరుగా పన్నెండు గంటలు ఆపరేషన్ థియేటర్లో నిలబడి, ఇంటికొచ్చి వండి, ముద్దాయిలా ఆ తీర్పు కోసం మళ్ళీ నిలబడేదాన్ని. కుక్క తోక వంకర అని సరిపెట్టుకుని బతికాను.

రెండేళ్ళ క్రితం ఆ తీర్పులు ఆగిపోయాయి. ఏం వండినా "బాగుంది" అంటారు. ఉన్న ఒక్క విద్యా ముసలితనంలో పోయిందని నాకు ఈయనంటే ఇంకా చులకనైంది.

నా సంగతి వేరు. రెండేళ్ళ క్రితం వచ్చిన జ్వరం నా ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. డాక్టర్ని కదా, అవి ఇక తిరిగి రావని త్వరగానే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. స్మృతికి తెలిస్తే, గ్యాస్ లీకైనా నాకు వాసన తెలియదని మర్నాడే స్టవ్ పీకించి, ఎవరో ఆంటీ వండి అమ్మే డబ్బాలు తెప్పిస్తుంది. దానికి ఆ ఆలోచన ఎప్పటినుంచో ఉంది. వంటిల్లు పోయాక ఈ ఇంట్లో నాకు మిగిలేది టీవీ రిమోట్. అందుకని చెంచాల లెక్కతో, కళ్ళతో, చెవులతో వండుతున్నాను. రుచి చూడవేమని ఎవరూ అడక్కుండా నైవేద్యం మొదలుపెట్టాను. దేవుడికి పెట్టకుండా ఎంగిలి చేయకూడదు అంటాను. దీపావళికి తప్ప దీపం వెలిగించని నేను!

"మెత్తగా ఉడకాలంటే? ఎన్ని నిమిషాలు?" అని అడిగారు.

"నాలుగు విజిల్స్. నిమిషాలు కాదు."

చింతపండు పిసకమంటే చెయ్యి జిగురవుతుందని ఫోర్క్‌తో పొడిచారు. ఫ్రీజర్లోంచి తీసిన ములక్కాడ ముక్కల్ని కరగని మంచుతో సహా నూనెలో వేసి, అది చిటపటమంటే గుమ్మం దాకా వెనక్కి గెంతారు. వంతెనలు కట్టిన ధైర్యం అది. సాన్వి పడీపడీ నవ్వింది. దానికి గ్లవ్స్ తొడిగి పెరట్లోకి పంపి నేను తిరిగొచ్చేసరికి చారు తెర్లుతోంది.

"రుచి చూడండి" అన్నాను.

"నైవేద్యం పెట్టాలిగా. నీ రూలే" అని చిన్న గిన్నెలో పోసి దేవుడి షెల్ఫు ముందు పెట్టొచ్చారు. నాకు నవ్వొచ్చింది. నా అబద్ధానికి ఈ మనిషి మొక్కుతున్నాడు.

సాన్వి మంచు దులుపుకుని లోపలికొచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేడి తెలిసింది. అంతే. అయినా నలభై ఆరేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ ఇది. ఆయనలాగే కళ్ళు మూసుకున్నాను. ఆయనలాగే తల పంకించాను.

"ఉప్పు తక్కువైంది. పులుపు అసలే లేదు" అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆయన నావైపు ఒక్క క్షణం చూసి, తన ముద్ద తిన్నారు. "అవును, కొంచెం తక్కువే" అని గ్లాసు నీళ్ళు గటగటా తాగేశారు.

సాన్వి మొహం వికారంగా పెట్టింది. "అచ్చం అమ్మమ్మ చేసినట్టే ఉంది! తాతా, ఇది కూడా వాటర్ తాగేసి గుడ్ అని చెప్పాలా? సేమ్ సీక్రెట్ రూల్?"

ఆయన తల ఎత్తలేదు.

"మీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నీ జ్వరం తగ్గిన ఫస్ట్ వీక్ నుంచే. కాకరకాయ పులుసులో రెండు సార్లు ఉప్పు వేశావు. నువ్వూ తిన్నావు, మాట్లాడకుండా. అప్పుడే అర్థమైంది."

"స్మృతికి చెప్పారా?"

"ఎందుకు చెప్తాను? నీ స్టవ్ పీకించేస్తుంది."

ఒళ్ళు మండిపోయింది. ఈయన వంకలు పెట్టిన రోజుల్లో కూడా నాకింత అవమానం కాలేదు. వంక పెట్టినవాడు కనీసం నన్ను వంట తెలిసిన మనిషిగా లెక్క చేశాడు. రెండేళ్ళుగా పెట్టింది పెట్టినట్టు మింగి నీళ్ళు తాగినవాడు నా మీద జాలిపడ్డాడు. నేనేమో ఆయన నాలుక చచ్చిందని లోలోపల ఎగతాళి చేస్తూ కూర్చున్నాను. నా అంత మూర్ఖురాలు ఈ ఇల్లినాయ్‌లో ఉండదు.

"బాగుంది అనే మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినబడిందంటే ఊరుకోను" అన్నాను.

"మరేమనమంటావ్?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. దేవుడి కంటే ముందే చెప్పండి."

ఆయన అరచేతిలో నాలుగు చారు చుక్కలు వేసుకుని నాకి, కళ్ళు మూసుకున్నారు. అదే పాత భంగిమ. ఆ మొహం చూసి నాకు మళ్ళీ మండింది.

"ఉప్పు విపరీతం. పోపు మాడింది. ఇంత దరిద్రపు పప్పుచారు నా జన్మలో తినలేదు."

"చేసింది మీరే."

"అందుకే ఇంతకంటే ఘాటైన మాట వాడలేదు."

సాన్వి కిసుక్కున నవ్వింది. నేను లేచి, ఎడమ చేత్తో రెండు గ్లాసుల నీళ్ళు గిన్నెలో పోసి స్టవ్ వెలిగించాను. చారు మరిగాక గరిటెతో తీసి, ఊది, ఆయన అరచేతి మీద రెండు చుక్కలు వంచాను.

"ఇప్పుడో?" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆయన తీర్పు నేను నోరు తెరిచి అడగడం అదే మొదలు.