మడి కట్టుకున్న మిషను

పాలు కాచాలి. నానేసిన పప్పు రుబ్బాలి. అత్తగారి మోకాళ్ళకు వేడినీళ్ళు పెట్టాలి. పిల్లలిద్దరికీ క్యారేజీలు కట్టాలి. భర్త గంగరాజు చేపల మార్కెట్టు నుంచి వచ్చేసరికి టిఫిను సిద్ధంగా ఉండాలి, తిని లేచాక ఆయన కంచం తియ్యాలి. రాత్రి పులుసు దాకలు, పొద్దుటి పళ్ళేలు, అడుగంటిన పాలగిన్నె పెరట్లో వేసి తోమాలి. స్నానం చేసి, చీర కట్టుకుని, పదింటికల్లా ఆఫీసులో వేలు పెట్టాలి.

ఇవన్నీ జ్యోతిలక్ష్మి ఏ రోజుకారోజు చేసేది. ఆ చివరి ఒక్కటే ఆమె చేతిలో లేకుండా పోయింది.

తెనాలిలో ఓ విత్తనాల కంపెనీలో ఆమె లెక్కలు రాస్తుంది. అక్కడ హాజరు వేయించుకోవాలంటే గోడకున్న పెట్టె మీద వేలు పెట్టాలి. ఆమె పెడితే అది ఎర్రగా వెలిగి కీచుమనేది. కొంగుతో తుడిచి మళ్ళీ పెడితే మళ్ళీ కీచుమనేది. వెనక వరసలోంచి ఎవరో ఒకరు, "ఏంటండీ, ఇవాళ కూడా మీరు మీరు కాదంటుందా?" అని నవ్వేవాళ్ళు. మేనేజరు పున్నారావు చెడ్డవాడు కాడు. "మీ వేళ్ళకి గీతల్లేవమ్మా. సబ్బుకి, పీచుకి అరిగిపోయినయ్. దాని దృష్టిలో మీరు రానట్టే. నేనేం చెయ్యను?" అన్నాడు. ఆర్నెల్లుగా ఇదే తంతు. ఇలాగే సాగితే ఉద్యోగం ఉండదని అతను అనలేదు, ఆమెకు అర్థమైంది.

సబ్బు నీళ్ళలో చెయ్యి పెట్టకుండా ఉంటే గీతలు మళ్ళీ వస్తాయని డాక్టరు చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే గంగరాజు, "గ్లౌజులు తొడుక్కో" అన్నాడు. తొడుక్కుంది. లోపల చెమటకు వేళ్ళ సందులు ఇంకా పగిలాయి. గిన్నెలు తోమే మిషను కొనుక్కుందామంటే, "ఇంట్లో ఇద్దరాడాళ్ళుండగా గిన్నెలకి మిషనేంటే? మార్కెట్లో నవ్వుతారు" అన్నాడు. అత్తగారు, "మేం తోమలేదా? మా వేళ్ళు ఊడినయ్యా?" అంది. జ్యోతిలక్ష్మికి ఎదురు చెప్పడం అలవాటు లేదు. సూర్యలంక రేవులో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో చేపలు కడిగే అమ్మను చూపించి వాళ్ళ నాన్న అంటుండేవాడు, చదువుకో తల్లీ, చదువుకున్నదాని చెయ్యి తడవదు అని. ఆ మాట నమ్మి బాపట్లకు బస్సులో వెళ్ళొస్తూ చదివింది. పెళ్ళయ్యాక ఆ చెయ్యి ఆరిన రోజు లేదు. జీతం తెస్తున్నాను కదా అని ఒక్కరోజైనా అనుకోలేదు. ఉద్యోగానికి పోనిస్తున్నారు కదా అనే అనుకునేది. ఇప్పుడు ఆ ఉద్యోగాన్నే పెరట్లో అంట్లతో పాటు తోమేస్తున్నాననిపించి మొదటిసారి భయమేసింది.

పక్క సీటు చంద్రకళది రేపల్లె. ఆమే చెప్పింది. "మా వీధిలో ఆండాళమ్మగారింట్లో అట్లాంటి మిషనుంది. కువైట్ నుంచి తెచ్చారంట, నా పుట్టుకకి ముందే. అందులో ఊరగాయ జాడీలు పెట్టుకుంటారు. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి పోతున్నారు, పాతసామాన్ల వాడికిచ్చేస్తారంట. అడిగి చూడు. కాకపోతే వాళ్ళు మడీ ఆచారం ఉన్నోళ్ళు. మీరేం తింటారంటే కూరగాయలని చెప్పు."

ఆదివారం పాసింజరెక్కి రేపల్లె వెళ్ళింది.

భోజనాల గదిలో ఓ మూల, ఇస్త్రీ చేసిన దుప్పటి కింద ఉంది మిషను. ఆండాళమ్మ దుప్పటి తీసింది. మీగడ రంగు, గుండ్రటి పెద్ద మీటలు. తలుపు మీద వరసగా, ఏ దసరాకా దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా మచ్చలు. పక్కనే గచ్చు మీద నీళ్ళ కుళాయి, చిన్న పీట.

"మావారు తెచ్చారమ్మాయ్. పురిటికి ముందు నా చేతులు చూసి, ఈసారి వచ్చేటప్పుడు నీకో దాన్ని తెస్తానన్నారు. మనిషినేమో అనుకున్నాను." ఆవిడ నవ్వింది. "మా అత్తగారు చూసి, ఎంగిలి కంచాలూ నైవేద్యం గిన్నెలూ ఒకే పెట్టెలోనా, ఇది తిరిగితే నేను ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టనన్నారు. అంతే. గుడ్డ కప్పేశాం."

"ఆవిడ పోయాక వాడుకోవచ్చు కదా మామ్మగారూ?"

"అప్పటికి మడి నాకు పట్టుకుంది."

జ్యోతిలక్ష్మి ఆ పీట వైపు చూసింది. మిషనుకూ పీటకూ మధ్య చేతికందే దూరం.

"అవునూ, మీరేం తింటారు?" ఆండాళమ్మ అడిగింది.

చంద్రకళ చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్క అబద్ధంతో పనైపోతుంది. పోనీ అనుకోబోయింది గానీ, ఈ పెద్దావిడ ముందు మనసొప్పలేదు. "మాది సూర్యలంకండి. మావాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళు. ఇంట్లో రోజూ చేపలే. పులుసు దాకలన్నీ ఇందులోనే వేస్తాను. మీరు ఇవ్వనంటే అర్థం చేసుకుంటానండి."

ఆవిడ తలుపు మీద మచ్చలు చూస్తూ నిలబడింది. తర్వాత వంగి, మిషన్లోంచి ఒక్కొక్క జాడీ తీసి గచ్చు మీద పెట్టడం మొదలుపెట్టింది. సాయం పట్టబోతే వద్దంది. ఆఖరి జాడీ తీసి, కొంగుతో లోపల తుడిచి, నడుము నిటారు చేసుకుంది.

"నలభై ఏళ్ళు మడి కట్టుకుని కూచుంది. ఇహ అంటుపడనీ. పట్టుకుపో."

ట్రాలీ ఆటో మాట్లాడుకుని, తెనాలి పోకుండా బాపట్ల మీదుగా నేరుగా సూర్యలంక పోనిచ్చింది. తమ్ముడు బ్రహ్మాజీ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటక్కా ఇది, బావని పెట్టడానికి తెచ్చిన పెట్టా? సముద్రంలో పారేద్దామా?"

"ముందు తిప్పు, తర్వాత జోకులెయ్యి."

లోపల రబ్బర్లన్నీ పొడిపొడిగా రాలాయి. తలుపు చుట్టూ చేపల ఐసుపెట్టె మూత రబ్బరు కోసి అతికించాడు, పైపులు మార్చాడు. సాయంత్రానికి మోటారు గుర్రుమంది. సంబరంలో బ్రహ్మాజీ బట్టల సబ్బుపొడి గుప్పెడు పోశాడు. తలుపు సందుల్లోంచి నురగ పొంగి, గడప దాటి, వీధిలోకొచ్చింది. పిల్లలు కేకలేసుకుంటూ అందులో గంతులేశారు. జ్యోతిలక్ష్మి వాళ్ళమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుని కూలబడింది. "ఇంటి ముందుకే అల తెచ్చావు కదే!"

దానికి వేరే పొడి ఉంటుందట, తెప్పించారు. తర్వాతి ఆదివారం అమ్మ వండిన కట్టపరిగె చేపల పులుసు దాక తళతళలాడుతూ బయటికొచ్చింది. అమ్మ దాన్ని వాసన చూసి, "నీచు లేదే" అని, నమ్మలేక మళ్ళీ వాసన చూసింది.

తెనాలిలో మిషను దిగేసరికి గంగరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవర్నడిగి తెచ్చావ్?"

"ఆండాళమ్మగారిని."

ఆటో అతను నవ్వాపుకోలేక అటు తిరిగాడు. గంగరాజు పక్కకి జరిగాడు.

అత్తగారు ఊరుకోలేదు. "మగాడి కంచం, మనవీ, పిల్లలవీ, అందరి ఎంగిలీ ఒకే నీళ్ళలోనా?"

జ్యోతిలక్ష్మి అరచేతులు రెండూ చాపి చూపించింది. గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళూ అందరి ఎంగిలీ వీటిలోనే కలిసింది కదా అత్తయ్యా. వీటిని ఎవరూ ఏమీ అనలేదే."

అత్తగారు ఆ చేతులు చూసింది, తన చేతులూ చూసుకుంది. రాత్రి భోజనాలయ్యాక తన కంచం తనే తెచ్చి, "ఎట్లా పెట్టాలే?" అంది. పిల్లలు పోటీపడి చూపించారు.

గంగరాజు ఎప్పటిలాగే చెయ్యి కడుక్కుని లేచాడు. కంచం ఉన్నచోటే ఉంది.

"మీ కంచం లోపల పెట్టండి. అది తోముద్ది గానీ, నడిచొచ్చి తీసుకోదు."

ఆయన విననట్టు వెళ్ళి పడుకున్నాడు. జ్యోతిలక్ష్మి మిషను తిప్పి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, తనూ పడుకుంది. పొద్దున ఆ కంచం ఎండి, మెతుకులు అతుక్కుని, ఈగలు ముసిరి అక్కడే ఉంది. టిఫిను ఆ కంచం పక్కనే, వేరే పళ్ళెంలో పెట్టింది. మధ్యాహ్నానికి రెండయ్యాయి. రాత్రికి మూడు. నాలుగోది పెట్టడానికి ఇంట్లో కంచం లేదు. గంగరాజు ఆ మూడింటినీ చూశాడు, తల్లిని చూశాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పెదవి బిగించి నవ్వుకుంటోంది. ఆయన కంచాలు మూడూ తీసుకెళ్ళి, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక కాసేపు తడుముకుని, ఆఖరికి లోపల పెట్టాడు.

మీట తిప్పడం మాత్రం జ్యోతిలక్ష్మే తిప్పింది. నెల తిరిగేసరికి ఆఫీసు గోడ మీది పెట్టె ఆమెను ఆమేనని ఒప్పుకుంది కూడా.

ఈ కథ ఆమెది. కానీ మీరు ఈ పుస్తకం మూశాక, మీ ఇంట్లో అంట్ల దగ్గరికి ఎవరు లేచినా సరే, ఒక్క క్షణం రేపల్లె ఆండాళమ్మగారిని తలుచుకోండి. తన కోసమే సముద్రం దాటి వచ్చిన మిషనుకు ఏటా బొట్టు పెట్టి, దాని ఎదుటే పీట వేసుకుని, బతుకంతా చేత్తోనే తోమిన మనిషి ఆమె.